లోటు తెలియని పాట

లేత్ మిషను పనివాడికి తన చెవి మీద మహా గర్వం. ఏ బేరింగ్ అరిగిందో షెడ్డు గుమ్మంలో నిలబడే చెప్పేవాడు. అందుకే భార్య పోయిన నాలుగో నెలలో, ఆమె చర్చి బృందం పాటల సీడీ చేతికి రాగానే, ఇరవై నలుగురిలో ఆమె గొంతును మొదటి రోజే పట్టేశాననుకున్నాడు.

అట్ట మీద బరోక్ కాలపు ప్రార్థనా గానాలని ఉంది. ఐరోపాలో మూడు వందల ఏళ్ల నాటివి. భాష తెలియదు. మగ గొంతులు కింద నేల పరుస్తాయి. దాని మీద ఒక ఆడ గొంతు లేస్తుంది. అదే వరసను ఇంకో గొంతు అందుకుంటుంది, అది దించకముందే మూడోది. ఎవరూ ఎవరికోసమూ ఆగరు, ఎవరూ ఎవరినీ తొక్కరు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ వినడానికి వెళ్లని మనిషి, ఇప్పుడు పని నుంచి రాగానే చేతుల జిడ్డయినా కడుక్కోకుండా పాట పెట్టుకుంటున్నాడు.

ఆదివారం మరదలు వచ్చింది. ఆమెదీ అదే బృందం.

"కూర్చో. మీ అక్కను వినిపిస్తా."

"మీరా, బావా? మా పాటలంటే పిల్లుల పోట్లాట అనేవారుగా!"

"అన్నాను. నోరు మూసుకుని విను."

రెండో పాట మధ్యలో వేలెత్తాడు. మిగతా గొంతులన్నీ తగ్గిన చోట ఒక్క గొంతు సన్నగా పైకి పోయి, అక్కడే నిలిచింది.

"ఇదిగో. ఇదే."

మరదలు తల దించుకుంది. "అది నేను, బావా."

"ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను. నాకు తెలియదా?"

"రికార్డింగు రోజు అక్క పాడలేదు. దగ్గు ఆగలేదు. అది రికార్డులో పడుతుందని మా పాటల మాస్టారు తలుపు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. నాలుగు గంటలు. పేరు మాత్రం అట్ట మీద వేయించారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అక్కే వద్దంది. చెబితే, పాటలు మానెయ్, దగ్గు అదే పోతుందంటారని. అంతకుముందు అన్నారుగా."

అన్నాడు. దగ్గు మొదలైన వారంలోనే అన్నాడు. ఆస్పత్రి మాట అతను ఎత్తింది మాత్రం ఎనిమిది నెలల తరవాత.

మరదలు పాట ఆపబోయింది.

"ఉండనీ."

పాట చివరికంటా సాగింది. గొంతులు ఒకదాన్నొకటి అందుకుంటూ ఎక్కాయి. ఒక్కచోటా తడబాటు లేదు, ఒక్కచోటా ఖాళీ లేదు. ఆమె లేకుండానే నిండుగా ఉంది. నిన్నటంత అందంగానే ఉంది.

"బాగా పాడావు," అన్నాడు మరదలితో. "ఇంకెప్పుడూ ఈ ఇంటికి రాకు."