స్నేహితుడి తరఫున

“మా స్నేహితుడొకడున్నాడండీ,” అన్నాడు కిటికీ అవతలి మనిషి, గొంతు తగ్గించి.

కిటికీ ఇవతల కూచున్న ఉచితం గారు తలూపారు. ఆ స్నేహితుణ్ణి ఆయన బాగా ఎరుగుదురు. కొలువులో చేరిన నాటినుంచీ లోకంలోని సమస్త చిక్కులూ ఆ ఒక్క స్నేహితుడివే. పక్కింటి గోడ జరిగివచ్చి వాకిలి మింగిందీ వాడిదే. ఇల్లుగలాయన సామాను వీధిన పెట్టించిందీ వాడిదే. పెళ్ళాం పుట్టింట తలుపేసుకున్నదీ వాడిదే. ఇన్ని అగచాట్లు పడుతూ కూడా వాడు ఒక్కనాడూ స్వయంగా వచ్చి ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు. అది వాడి సంస్కారం.

“ఏం కష్టమొచ్చింది మీ స్నేహితుడికి?”

“పక్కింటోళ్ళ కుక్క కరిచిందండీ.”

చెప్పినవాడి పిక్కకు కట్టుంది. దాన్ని చూడకపోవడం ఆ కిటికీ మర్యాద.

న్యాయస్థానం వెనకవైపు వసారాలో ఉందా కిటికీ. దానిపైన ఒకనాడు ‘సామాన్యులకు ఉచిత న్యాయ సమాచారం’ అని బోర్డు వెలసింది. ఎండా వానా కలిసి సామాన్యులను, న్యాయాన్ని, సమాచారాన్ని తుడిచిపెట్టి ఉచితాన్ని మాత్రం మిగిల్చాయి. జనం ఆ మిగిలిన మాటనే కిటికీలోని మనిషికి బిరుదుగా సమర్పించారు. ఆయన కాదనలేదు. మూరెడు కిటికీ సామ్రాజ్యంగా, ఒక కాలికింద అట్టముక్క పెట్టిన కుర్చీ సింహాసనంగా, ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టిన పెన్ను రాజదండంగా ఆయన పరిపాలన నిరాటంకంగా సాగిపోయింది. ఆ రాజ్యానికి శాసనం ఒక్కటే: చట్టం ఏమంటుందో చెప్పాలి, ఏం చెయ్యాలో చెప్పకూడదు. ఆ శాసనాన్ని పాటించి పాటించి, ఉన్నదాన్ని ఉన్నట్టు తప్ప చెప్పలేని ఒక అంగవైకల్యం ఆయనకు సంప్రాప్తించింది.

ఆయనతో కలిసి ఉంటున్నావిడ కూడా ఒకప్పుడు ఈ కిటికీకే వచ్చింది, స్నేహితురాలి తరఫున. పాత బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుపని ఆవిడది. మెడలో టేపు తీయడం మరిచి వచ్చింది. స్నేహితురాలి మొగుడు ఎటో వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా? చేసుకోవచ్చు, అతను మరణించినట్టు భావించాలని కోర్టులో కోరాలి, అని ఉచితం గారు విన్నవించారు.

“బతికున్నాడో లేదో తెలియని మనిషిని, పోయాడని నా నోటితో ఎలా అనను?” అందావిడ, స్నేహితురాలి సంగతి మరిచిపోయి.

చట్టంలో దానికి జవాబు లేదు. ఆ తరవాత వాళ్ళిద్దరూ ఒక ఇంట్లో ఉంటూ వచ్చారు. ఆవిడ ఆ మాట కోర్టులో అననూ లేదు, ఆయన అనమననూ లేదు. వీధివాళ్ళు ఆవిణ్ణి వదినా అని, ఆయన్ని అన్నయ్యా అని పిలిచి ఆ వివాహాన్ని తమ పరిధిలో తాము ఖాయం చేశారు.

మొన్న వానరోజున ఊపిరందక ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. చేర్చుకునే గుమాస్తా ‘భర్త’ అని రాయబోతూ, మాటవరసకి అడిగింది: “ఏమవుతారు మీరు?”

“చట్టరీత్యా ఏమీ కానండి.”

కలం ఆగింది. స్ట్రెచర్ మీంచి ఆవిడ, ఆయాసంలోనే నవ్వింది. “ఆయనంతేనమ్మా. నిజం చెప్పకపోతే తిన్నది అరగదు.”

ఆ నిజానికి ఫలితం వెంటనే దక్కింది. మంచం పక్కన బంధువులే ఉండాలి. ఏమీ కానివారు సాయంత్రం చూసిపోవచ్చు. ఊళ్ళో లేని తమ్ముడికి కబురు వెళ్ళింది. నిన్న సాయంత్రం ఆవిడ ఆయన వేలు పట్టుకుని, “ఏమైనా అయితే నన్ను మనింటికే తీసుకుపోవాలి, సరేనా,” అంది. ఆయన సరేనన్నారు. తీరా అన్నాక, ఆ మాట నిలబెట్టుకునే హక్కు తనకు ఉందో లేదో తెలియదని గుర్తొచ్చింది.

కుక్క కరిచిన స్నేహితుడు వెళ్ళాక, మధ్యాహ్నపు విరామంలో ఉచితం గారు లేచి, వసారా చుట్టి బయటికి వచ్చి, పక్క కిటికీ ముందు వరసలో నిలబడ్డారు. అందులో కూచునే లాయరమ్మా, ఆయనా ఏళ్ళ తరబడి ఒకే ఫ్లాస్కులో టీ పంచుకున్నవాళ్ళు. వంతు వచ్చాక కిటికీలోకి వంగారు.

“మా స్నేహితుడొకడున్నాడండీ.”

లాయరమ్మ కళ్ళజోడు మీంచి చూసింది. అయినా మర్యాద మర్యాదే.

“చెప్పండి. ఏం కష్టం వచ్చింది ఆయనకి?”

“ఆయనతో ఉంటున్నావిడకి ఒంట్లో బాగాలేదు. పెళ్ళి కాలేదు. రేపు జరగరానిది జరిగితే, ఆవిణ్ణి ఇంటికి తెచ్చుకోవచ్చా?”

“కుదరదండీ. తోడబుట్టినవాళ్ళుంటే వాళ్ళదే హక్కు.” ఒక తెల్లకాగితం ముందుకు లాక్కుంది. “తన తరవాతి పనులు ఈయనే చూడాలని ఆవిడ తెలివిలో ఉండగా రాసి సంతకం పెడితే మాత్రం, ఎవరూ కాదనలేరు.” కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఇవతలికి తోసింది. ఆపైన శాసనాన్ని ఉల్లంఘించింది. “ఇప్పుడే వెళ్ళమనండి ఆయన్ని.”

“సాయంత్రం దాకా రానివ్వరండి.”

“మొగుణ్ణని చెప్పి లోపలికి పొమ్మనండి.”

“ఆయనకి చేతకాదండి.”

“మొండి మనిషి మీ స్నేహితుడు,” అందామె, శుభ్రంగా ఉన్న కళ్ళజోడే తుడుచుకుంటూ.

సాయంత్రం ఆయన మడత నలగకుండా కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళేసరికి, వార్డు గుమ్మంలో ఒక భారీ మనిషి గోడకానుకుని ఉన్నాడు. ఒంటిమీద ప్రయాణపు దుమ్ము. ముఖంలో ఆవిడ ముక్కే. వెనక, మంచం మీద దుప్పటి తలదాకా కప్పి ఉంది.

“మధ్యాహ్నం పోయింది,” అన్నాడు తమ్ముడు. “నేను వచ్చేటప్పటికే.”

ఉచితం గారు తలూపారు, కిటికీలో ఊపినట్టే.

ఆవిడ ఈయనతో ఉంటున్న నాటినుంచీ ఆ తమ్ముడు అక్కతో మాట్లాడలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. చేతిలో ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితాలు తిరగేసి మరగేసి చూస్తున్నాడు.

“మాస్టారూ, వీటిలో ఏం రాశారో నాకు తెలిసి చావదు. తీసుకెళ్ళేవాళ్ళు సంతకం పెట్టాలంటున్నారు. నేను పెట్టాలా, మీరు పెట్టాలా? మీరెలా అంటే అలా.”

పెన్ను ఆయన వైపు చాచి ఉంది. దానికి గొలుసు లేదు. నేనే, అంటే చాలు. ఉచితం గారు నోరు తెరిచారు. జీవితమంతా ఆ నోట్లోంచి వస్తూ ఉన్నదే వచ్చింది.

“చట్టప్రకారం మీరే బాబూ. ఇదుగో, ఇక్కడ.”

తమ్ముడు పెట్టాడు. “మా అమ్మ చూడాలంటోంది. మిమ్మల్ని కూడా రమ్మనే ధైర్యం నాకు లేదు మాస్టారూ. తప్పుగా అనుకోవద్దు.”

“లేదులే. దారిలో గతుకులుంటాయి, బండివాణ్ణి నెమ్మదిగా పొమ్మను.”

బండి వెళ్ళిపోయింది. ఎక్కడికి పోవాలో తోచక ఆయన వార్డులోకే తిరిగి వచ్చారు. నర్సు మంచం దులుపుతోంది. కిటికీ కొక్కేనికి వేలాడుతున్నదాన్ని తీసి పైకెత్తింది.

“ఈ గొడుగెవరిదండీ?”

“మా ఆవిడది,” అన్నారు ఉచితం గారు.

ఆయన చేతుల్లోకి వచ్చిన ఆ నల్ల గొడుగుకి ఒకచోట నీలం గుడ్డ అతుకుంది, కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియనంత సన్నగా. మడతల్లో ఆ రోజు వాన తడివాసన ఇంకా పోలేదు.