డీఎన్ఏ మీద మొండిఘటం

వార్డులో ఉన్న జండీరా అనే అమ్మాయి రక్తంలో తెల్లకణాలు మళ్లీ పెరిగాయని తెలియగానే డాక్టర్ నొయేలియా రిపోర్టు మళ్లీ మొదట్నుంచి చదివింది. జన్యు పరీక్ష ఫలితం రాకముందే, మైక్రోస్కోపులో కణాలు చూసి, ఇది ఫలానా రకం రక్త కేన్సరేనని మందు మొదలుపెట్టింది తనే. ఈ జబ్బుకి అలాగే చేస్తారు. ఆలస్యమైతే మెదడులో రక్తం కారి మనిషి దక్కదు. ఆ పరీక్ష చేసే ల్యాబు మాత్రం సావ్ జొవావ్ పండగకి తాళం వేసుకుంది. బ్రెజిల్‌లోని ఈ రెసీఫె ఊరు ఊరంతా మన భోగిమంటల్లా మంటలేసుకుని ఆడుతుంటే ఎవర్ని తిట్టుకుని ఏం లాభం?

సీనియర్ ఎవెరాల్దొకి మొహమాటం లేదు. "నువ్వు పొరబడ్డావు నొయేలియా. ఇది వేరే రకం. ఈ గొట్టం మాత్రలు ఆపేసి ఇవాళే కీమో ఎక్కిద్దాం. నీ పంతానికి ఆ పిల్ల బలైపోతుంది."

అతని మాట నిజమైతే ఇన్నాళ్లూ వృథా. కాకపోతే, మాత్ర ఆపడమంటే చేతులారా చంపడమే. మధ్యాహ్నం దాకా గడువు అడిగి, రక్తం తీసుకోవడానికి తనే వార్డుకి వెళ్లింది.

జండీరా ఆయాసపడుతోంది. తల్లి జులేయిదె ఎండుమాంసం వేసిన గుమ్మడికాయ కూర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాత్రలు పిల్లకి తలనొప్పి తెస్తున్నాయనీ, అందులో ఉన్నది విటమిన్ ఏ సరుకే అయితే అది తన గుమ్మడికాయలోనూ ఉందనీ ఆవిడ వాదన.

నొయేలియా ఓపిగ్గా చెప్పింది. కణం ఎదగడానికి కావలసిన జన్యువుల దగ్గర, డీఎన్ఏని పట్టుకుని రిసెప్టర్ అనే ఒక ప్రోటీన్ ఉంటుంది. విటమిన్ సరుకు వచ్చి తగిలితే అది రూపు మార్చుకుని, జన్యువుని మూసి ఉంచేవాటిని వదిలేసి, తెరిచేవాటిని పిలుస్తుంది.

"మీ అమ్మాయి జబ్బు కణాల్లో అది ఇంకో ప్రోటీన్‌తో అతుక్కుపోయి తయారైందమ్మా. మొండిఘటం. తిండిలో వచ్చే కాస్తకి కదలదు. కణాలేమో పసితనంలోనే ఆగిపోయి గుంపులు పెరుగుతాయి. అందుకే ఇంత మోతాదు."

"మరి కదిలిందా డాక్టరమ్మా?"

నొయేలియా జండీరా చేతి నుంచి రక్తం తీసుకుని మైక్రోస్కోపు గదికి వెళ్లింది.

గాజు పలక మీద రక్తపు చుక్కని పరిచి, రంగేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాల కేంద్రకాలు ఎదిగిన కణాల్లో లాగే తమ్మెలు తమ్మెలుగా విడివడి ఉన్నాయి. వెనకాల నిలబడ్డ ఎవెరాల్దొ, అవి మిగిలిపోయిన మంచి కణాలు కావచ్చని అన్నాడు. అదీ నిజమే. నొయేలియా పలకని మెల్లగా జరుపుతూ వెళ్లింది.

ఒక ఎదిగిన కణంలో ఎర్రటి సన్న సూది కనిపించింది. పక్కదాంట్లో ఇంకోటి. ఆ సూదులు జబ్బు కణాల్లో తప్ప ఉండవు. అంటే జబ్బు కణాలే ఎదుగుతున్నాయి. అవన్నీ ఒక్కసారిగా ఎదిగి రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతున్నాయి కాబట్టే తెల్లకణాల లెక్క పెరిగింది, ఆ ఆయాసమూ వచ్చింది.

ఎవెరాల్దొ మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. "ఆయాసానికి వెంటనే స్టెరాయిడ్ పెట్టు. మాత్ర ఆపకు," అన్నాడు.

వార్డుకి తిరిగొచ్చి సూది మందు తనే ఎక్కించి, నొయేలియా తల్లి వైపు తిరిగింది. "కదిలిందమ్మా," అంటూనే ఏడ్చేసింది. గండం ఇంకా గడవలేదని కూడా చెప్పింది.

జులేయిదె డబ్బా మూత తీసి చెంచా నొయేలియా చేతిలో పెట్టింది.

"తినండి డాక్టరమ్మా," అంది జండీరా ఆగి ఆగి. "ఇవాళ్టికి నా వంతు కూడా మీదే."