మూడు వేళ్ల జారు

సన్నికల్లు మీద భార్య సూర్యకాంతం కుడిచెయ్యి అదిమిపెట్టి, పొత్రంతో కొట్టాడు అప్పలకొండ. ఒకసారి కాదు, రెండుసార్లు. పట్టపగలు. పక్కింట్లో రేడియో పాడుతూనే ఉంది.

"ఇంక వాయించు, సూత్తాను" అన్నాడు ఆయాసపడుతూ.

సూర్యకాంతం తండ్రి విజయనగరం వైపు నుంచి వచ్చి ఇనుపగనులకు పోయే కిరండూల్ రైలు లైన్లో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి అక్కడే పోయాడు. ఆమె రైల్వే కాలనీ చర్చిలో హార్మోనియం నేర్చుకుంది. పెళ్లయ్యాక బచేలీలో భూషణం ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేది. గని కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడిపే అప్పలకొండ మొదట్లో ఆ పెట్టెను తనే భుజాన మోసుకొచ్చేవాడు. గీదంలో ఒక పెళ్లిలో కుర్రకారు ఆమె పేరు పెట్టి ఈలలు వేశారు. మర్నాడు పొత్రం అందుకున్నాడు.

కట్టు విప్పాక ఉంగరం వేలు, చిటికెన వేలు వంగలేదు. తల్లి నూకాలమ్మ ఇంటికి చేరింది సూర్యకాంతం.

"మొగుడన్నాక సెయ్యి సేసుకోడేటే? పేనం ఉంది కదా. ఎల్లు" అంది నూకాలమ్మ.

సూర్యకాంతం ఎడమచేత్తో అన్నం కలుపుకుంది.

కుదిరితే చూడమని భూషణం కీబోర్డు తెచ్చి వదిలి వెళ్లాడు. మూడు వేళ్లతో పాట వచ్చింది గానీ పలుకు రాలేదు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారడానికి చకచకా కదిలే వేళ్లు కావాలి. స్వరాన్ని వంచే చక్రం ఒకటుంది. కానీ అది ఎడమచేతికి అందేది, ఎడమచెయ్యేమో తోడు స్వరాలు పట్టాలి. కోపంతో కనిపించిన బటన్లన్నీ నొక్కింది. అలా నొక్కుతుంటేనే పిచ్ ఎన్వలప్ అనేది తగిలింది. మీట నొక్కగానే స్వరం ఎక్కడ మొదలవ్వాలి, ఎంత నెమ్మదిగా పైకెక్కాలి, వేలు తీశాక ఎటు జారాలి అన్నది అందులో ముందే రాసిపెట్టొచ్చు. అంటే జారేది వేలు కాదు, పెట్టె.

సన్నాయి గొంతు తీసుకుని కింద నుంచి ఎక్కేలా పెట్టింది. ఇనుపరాయి మోసే రైలుబండి బ్రేకు వేసినట్టు కీచుమంది. నూకాలమ్మ చెవులు మూసుకుంది.

అప్పుడే ఆర్కెస్ట్రాలో డోలు వాయించే మాసా గుమ్మంలోకొచ్చాడు. కుంట ఊరి వైపు దొర్ల తెగ మనిషి, తెలుగు బాగా వచ్చు.

"ఏంది చెల్లె, పిల్లి తోక తొక్కినవా?" అని నవ్వాడు. కాసేపు విని, "దుంకుతాంది. జర మెల్లగ ఎక్కనియ్యి" అన్నాడు.

ఎక్కే సమయం పెంచింది. దూరం తగ్గించింది. మళ్లీ నొక్కింది. స్వరం కింద నుంచి ఒళ్లు విరుచుకుంటూ లేచి సరిగ్గా చోటుకొచ్చి నిలబడింది. సూర్యకాంతం ఏడ్చింది. చెయ్యి విరిగిన రోజు కూడా అలా ఏడవలేదు.

తర్వాత రైల్వే కాలనీలో ఒక పెళ్లి. మధ్యాహ్నం భోజనాలు సాగుతున్నాయి. మూడు వేళ్లతో ఆమె వాయిస్తుంటే, సన్నాయి ఊదేవాడెవడా అని జనం స్టేజీ వెనక్కి తొంగిచూశారు.

అప్పలకొండ పందిట్లోకొచ్చాడు. చేతిలో డంపర్ చక్రాల నట్లు విప్పే రాడ్డు.

"ఏళ్లు ఇరగ్గొట్టినా సిగ్గు నేదేటే నీకు!"

మొదటి దెబ్బకు కీబోర్డు మీటలు పళ్లలా ఎగిరి పడ్డాయి. రెండో దెబ్బకు పెట్టె నడుం విరిగింది. భూషణం వంటల డేరా వెనక్కి పరిగెత్తాడు. మాసా అడ్డం వచ్చాడు. రాడ్డు అతని మెడకూ భుజానికీ మధ్య పడింది. ఎముక విరిగిన చప్పుడు సూర్యకాంతానికి వినపడింది. కూలబడ్డ మాసా తల మీదికి అప్పలకొండ మళ్లీ రాడ్డెత్తాడు.

కీబోర్డు ఇనుప స్టాండు ఆమె చేతికొచ్చింది. రెండు చేతులా పట్టి తిప్పి కొట్టింది. అప్పలకొండ మోచేతి మీద పడింది. రాడ్డు జారిపోయింది. తర్వాతి దెబ్బ దవడ మీద. నెత్తుటితో పాటు పళ్లు రాలాయి. అతను కింద పడ్డాక మోకాలి మీద ఇంకొకటి వేసింది. అది అక్కర్లేదు. అయినా కొట్టింది.

"సంపేత్తావేటే?" అని ఎవరో ఆమెను వెనక్కి లాగారు. అప్పటికి ఆమె అరచేతులు కోసుకుపోయి ఉన్నాయి.

రాజీ చేసుకోమని కులపెద్దలు ఠాణా ముందు కూర్చున్నారు. నూకాలమ్మ కూతురి కుడిచెయ్యి పట్టుకుని వాళ్ల ముఖాల ముందు పెట్టింది.

"ముందు దీని ఏళ్లు సూడండి బాబూ. ఆడి పళ్ల సంగతి తరవాత మాటాడదాం."

కేసు రెండు వైపులా రాశారు. బెయిలు దొరికాక అప్పలకొండ కుంటుకుంటూ సొంతూరు చీపురుపల్లి వెళ్లిపోయాడు. మాసా ఎముక వంకరగా అతికింది. డోలు మెడకు వేసుకోలేక నేల మీద పెట్టుకుని వాయిస్తున్నాడు.

భూషణం సిగ్గుపడుతూ వేరే కంపెనీ పాత కీబోర్డు ఒకటి తెచ్చాడు. సూర్యకాంతం చేసుకున్న గొంతులన్నీ విరిగిన పెట్టెతోనే పోయాయి. దీంట్లో అన్నీ వేరు. మొదటి నుంచి వెతుక్కోవాలి.

భోపాల్‌పట్నంలో కచేరీకి బయల్దేరినప్పుడు బస్సులో ఆమె పెట్టెను ఒళ్లోనే పెట్టుకుంది.

"వాడు మల్లొస్తే?" అన్నాడు మాసా.

"బయమేత్తంది అన్నా" అంది సూర్యకాంతం. "ఆణ్ణి తలుసుకుంటే కొంచెం. నన్ను నేను తలుసుకుంటే ఇంకా ఎక్కువ."

మాసా కిటికీ మూశాడు. దుమ్ము ఆగింది. ఆమె మూడు వేళ్లతో పెట్టె మూత మీద నెమ్మదిగా తాళం వేయసాగింది.