పారే పెద్దల జబ్బనొప్పి

కిలిమంజారోకు పొరుగున ఉన్న మా పారే కొండల్లో వయసు మళ్లినవాడు చిన్నవారి ఎదుట తనకు నొప్పి ఉన్నదని చెప్పడు. ప్రధానోపాధ్యాయునిగా ఉన్నంతకాలం నేనీ నియమాన్ని సమర్థించాను. విశ్రాంత జీవితంలో మరింత గట్టిగా సమర్థిస్తున్నాను. అయితే ఆ ఉదయం ఆరోగ్యకేంద్రంలో ఈ నియమమే నర్సు ఎలినామి కొంప ముంచేటట్లు కనిపించింది.

పిచ్చికుక్క కరవకముందే వేసే టీకాను మా ఊరిలో రెండు పద్ధతులలో ఇచ్చి చూస్తున్నారు. ఒకటి త్వరగా ముగిసే పొట్టి పద్ధతి. రెండవది సూది సూదికీ కొండ దిగి ఎక్కి ప్రాణం విసిగించే పాత పద్ధతి. పిల్లలు, యువకులు, వృద్ధులలో ఎవరికి ఏది ఎంత సురక్షితమో పోల్చాలి. పిల్లలు జ్వరమనీ, వాపనీ, దురదనీ ఏకరువు పెట్టారు. యువకులూ మూలిగారు. వృద్ధులము మాత్రం ముక్తకంఠంతో "ఏమీ లేదు" అన్నాము.

పట్టణం నుండి వచ్చిన డాక్టరు మ్షానా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంతమంది ముసలాళ్లలో ఒక్కరికీ జబ్బ నొప్పి పుట్టలేదా? ఇది నమ్మి పొట్టి పద్ధతి వీళ్లకి మంచిదని ఎట్లా చెప్పనమ్మా? మధ్యాహ్నంలోగా నిజం రాకపోతే పెద్దల్ని పరీక్షలోంచి తీసేస్తా."

తీసివేస్తే పొట్టి పద్ధతి చిన్నవారి పాలు. కొండ దిగడం మా పాలు. పైవారిని బతిమాలి మమ్మల్ని ఇందులో చేర్పించింది ఎలినామియే. పాపం, ఆమె మళ్లీ అందరి ముందూ వంగి నిలబడింది.

"సెన్‌కోండో తాతా, కాస్తయినా నొప్పుందా?"

"నాకా? దోమ కుట్టినట్టు కూడా లేదు తల్లీ" అన్నాడు సెన్‌కోండో, కుడిచేయి ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో టీ తాగుతూ.

నేను ఎలినామిని పక్కకు పిలిచాను.

"నువ్వు మర్యాదగా అడుగుతున్నావు. అదే పొరపాటు. ఆ ఊరియోను పిలువు."

ఊరియో టీకాల బండి డ్రైవరు, కిలిమంజారో అరటితోటల చగ్గా తెగవాడు. పారేలకూ చగ్గాలకూ తాతలనాటి నుండి బావల వరస. ఎంత ఎగతాళి చేసినా కోపం తెచ్చుకోకూడదు. బదులు చెప్పకుండా ఊరుకోనూ కూడదు.

ఊరియో గుమ్మంలోనే నడుముమీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం బావలూ! పీనాసి పారేలు కదా, వచ్చిన జ్వరాన్ని కూడా బయటికి తీయకుండా దాచుకున్నారట?"

సెన్‌కోండో దిగ్గున లేచాడు. "ఒరే అరటికాయల మొహమా! నాకొచ్చిన జ్వరం నీకొస్తే కిలిమంజారో మీద మంచు మొత్తం కరిగిపోయేది!"

"అబ్బో! మరి జబ్బ వాయలేదేం?"

"వాయలేదా? గుమ్మడికాయంత!"

"గుమ్మడికాయా?" అంది అతని భార్య మ్కుండే. "నిమ్మకాయంత. తడిగుడ్డ వేసినదాన్ని నాకు తెలీదూ?"

గది గొల్లున నవ్వింది. ఇక కట్ట తెగింది. ఒకాయన తన నుదుటిమీద మొక్కజొన్నపిండి ఉగాలి ఉడికేదన్నాడు. "నీ నుదురు చల్లగానే ఉంది, తలనొప్పన్నావంతే" అని పక్కవాడు సరిదిద్దాడు. ఒకరు పెంచడం, ఇంకొకరు కత్తిరించడం! ఎలినామి కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మరి మాస్టారు బావా, మిమ్మల్నొక్కరినే ఇనుముతో చేశారా?" అన్నాడు ఊరియో.

"సూది గుచ్చినచోట స్వల్పమైన అసౌకర్యం కలిగినది" అన్నాను.

"స్వల్పమా!" అంది నా అర్ధాంగి నకిజ్వా. "చొక్కా గుండీలు ఎవరు పెట్టారండీ? ముద్దలు ఎవరు కలిపి తినిపించారు?"

నాకు కూడా నవ్వు ఆగలేదని సభ్యసమాజానికి మనవి చేసుకుంటున్నాను.

ఆ నవ్వుల సందడిలో ఎవరూ ఏమీ రాసుకోలేదు. అది సద్దుమణిగాక డాక్టరు ఒక్కొక్కరినీ తెర వెనక్కు పిలిచి, జబ్బ చూసి, మళ్లీ అడిగాడు. బిగువు సడలిన మనిషికి నిజం చెప్పడం ఎంత తేలికో!

చివరికి ఆయన బయటికి వచ్చాడు.

"ఇప్పటిదాకా చూస్తే రెండు పద్ధతుల్లోనూ భయపడాల్సింది లేదు. జబ్బనొప్పి కుర్రాళ్లకున్నంతే మీకూ ఉంది. జ్వరం పిల్లలకంటే తక్కువ. పెద్దలు పరీక్షలోనే ఉంటారు."

ఎలినామి చప్పట్లు కొట్టింది. మ్కుండే ఈల వేసింది. సెన్‌కోండో మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"పిల్లలకంటే తక్కువా? మాకా? డాక్టరుబాబూ, మళ్లీ అడుగు!"

పెద్దలందరూ గంభీరంగా లేచి తెర ముందు బారులు తీరారు. వయసు దృష్ట్యా మొదటి స్థానం నాదేనని నేను స్పష్టం చేశాను.