జెరూషా మెడలో బంతిదండ

చోడవరం చర్చి వీధిలో తెల్లారగానే ఆడవాళ్ళు ముందు వాకిలి ఊడ్చి, ఆ తర్వాత ఇంట్లో దండ ఎక్కడ పడిందో చూసుకుంటారు. విశ్వాసుల ఇళ్ళలో దేవుడికంటే దేన్ని ఎక్కువ చేసుకుంటే దానిమీద రాత్రికి రాత్రి బంతిపూల దండ పడుతుంది. జాబేజ్ బుల్లెట్ బండికి పడింది. దేముడమ్మ ఫోనుకైతే వేలెడంత దండ, రోజూ. తీసేసి, సిగ్గుపడి, ప్రార్థన చేసుకుని, ఆ వస్తువుని దూరం పెడితే మళ్ళీ పడదు. కాకపోతే ఎవరు ఎక్కువ చేసుకోబట్టి పడిందో వాళ్ళే ఆ దండ తియ్యాలి. వేరేవాళ్ళు లాగితే రాదు.

స్వర్ణకుమారి ఇంట్లో ఏనాడూ పూరేకైనా పడలేదు. ఆ సంగతి ఆవిడ పైకి అనేది కాదు గానీ, చీపురు పట్టుకుని పక్కింటి దేముడమ్మ గోడమీంచి తొంగిచూడడం మానేది కాదు.

"ఏటి దేముడమ్మా, ఈయేళా పడిందేటి?"

"పడింది వదినా. నీలాగ పుణ్యం సేసుకోనేదు కదా మరి!"

స్వర్ణకుమారి మనవరాలు జెరూషా విశాఖపట్నంలో డాక్టరు సీటు కోసం కోచింగు చదువుతోంది. మొదటిసారి సీటు రాలేదు, ఇది రెండోసారి. మొదటి పరీక్షకి ముందే స్వర్ణకుమారి ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పేసింది. "నా మనవరాలు డాక్టరమ్మవుతాదని దేవుడే నాతో సెప్పేడు." సంఘమంతా ఆమేన్ అంది. అప్పట్నుంచి వీధి వీధంతా ఆ పిల్లకి డాక్టరమ్మ అనే పేరు పెట్టేసింది.

సెలవులకొచ్చిన జెరూషా ఓ పొద్దున్న బల్ల దగ్గర పుస్తకం మీద వంగి ఉంది. మెడలో చెయ్యంత లావు దండ. గడ్డం గుండెకి ఆనిపోయింది.

"మెడ లెగట్లేదు నానమ్మా."

స్వర్ణకుమారి కొడుకుని కేకేసింది. "ఒరే దేవకుమార్, సూసేవా నీ పని? మార్కులు మార్కులని గుంటపిల్లని విగ్రహం సేసేసేవు. తియ్యి!"

దేవకుమార్ లాగేడు. పిల్ల తల్లి లాగింది. పిల్ల తనే లాక్కుంది. ఒక్క రేకు రాలలేదు.

అంతలో స్త్రీల కూడికకని దేముడమ్మా మరో నలుగురూ వచ్చేరు. దేముడమ్మ చూసింది, చెప్పులు విడుస్తూ నెమ్మదిగా అంది. "వదినా, నువ్వోపాలి ముట్టుకో."

"నేనా? నా ఇంట్లో ఏనాడైనా..."

"ముట్టుకో వదినా. పిల్ల మెడ ఇరిగిపోద్ది."

స్వర్ణకుమారి చేతులు కొంగులో దాచుకుంది. వీళ్ళు వెళ్ళిపోయేక ముట్టుకుందామనుకుంది. ఈలోగా జెరూషా నుదురు పుస్తకానికి తగిలింది. పిల్ల మూలిగింది.

ఆవిడ చెయ్యి చాపింది. చంటిపిల్ల తలలోంచి రిబ్బను జారినట్టు దండ ఊడి చేతిలోకి వచ్చేసింది.

వచ్చినవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. రోజూ ఎగతాళి చేసే దేముడమ్మ కూడా గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ ఊరుకోవడమే స్వర్ణకుమారికి మొహం మీద కొట్టినట్టుంది.

జెరూషా మెడ రుద్దుకుంటూ అడిగింది. "నానమ్మా, దేవుడు నిజంగా సెప్పేడా?"

గుర్తులేదమ్మా అనేద్దామనుకుంది ఆవిడ. ఈ మధ్య నిజంగానే చాలా మర్చిపోతోంది. పొయ్యిమీద పాలు, అక్కచెల్లెళ్ళ పేర్లు, కీర్తనల చరణాలు. అలా అంటే అందరూ నమ్ముతారు కూడా. కానీ ఇది గుర్తుంది.

"సెప్పలేదే. నాకు కావాలనిపించి, ఆయన పేరెట్టి సెప్పేను."

ఆదివారం ఆరాధనలో ఆవిడ మునుపు నిలబడ్డ చోటే నిలబడింది. "దేవుడు నాతో ఏటీ సెప్పలేదు. నేనే కల్పించేను. ఆయన్నీ పక్కనెట్టేసి, పిల్ల మెడనీ వంచేసేను. మన్నించండి." ఎవరూ ఆమేన్ అనలేదు. తలవంచుకుని కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఆటో ఆగి ఉంది. జెరూషాని విశాఖ బస్సెక్కించడానికి దేవకుమార్ ముందురోజే చెప్పి ఉంచేడు. లోపల చాపమీద పిల్ల ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

"డాక్టరమ్మ రాలేదేటి మామ్మా? బస్సెల్లిపోద్ది," అన్నాడు ఆటో అబ్బాయి.

"దాని పేరు జెరూషా. పడుకుంది. బస్సెల్లిపోనీ బాబూ."

"మరెప్పుడెల్తాది?"

"ఎల్తాదో మానతాదో. లెగిసేక అడగాల." ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుని గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళూ ఎవలం అడగనేదు."