అత్తగారు కాచిన నాగజెముడు

మా అత్త రాహేలమ్మ కంట పచ్చి రసం పడితే పొయ్యి ఎక్కాల్సిందే. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనానికి ద్రాక్షరసం కాచి పంపేది ఆమే. కాచని రసం పులుస్తుందనీ, అది పులిస్తే పాస్టరు గారి ముఖం కూడా పులుస్తుందనీ ఆమె నమ్మకం.

అందుకే శనివారం ఫ్రిజ్‌లో చిక్కటి ఎర్రరసం సీసా కనబడగానే, నేను ద్రాక్ష పిండి, కాచడానికి బద్ధకించి వదిలేశాననుకుంది. మిద్దె మీద మిరపకాయలు తిరగేసి నేను దిగేసరికి గిన్నె కుతకుతలాడుతోంది.

"ఏం కాస్తాండావత్తా?"

"నువ్వు చెయ్యని పని. ఇంగా చక్కెర గూడా ఎయ్యలేదు. ఇదేంది, కాగేకొద్దీ తుప్పు రంగుకు తిరుగుతాండాది? యాడ తెచ్చినావు ఈ ద్రాచ్చ?"

అది ద్రాక్ష కాదు. కర్నూలులో ఎమ్మెస్సీ చదివే మా కూతురు నిస్సీ, మా కోడుమూరు చేని కంచెలో నాగజెముడు పండ్లు కోసి, గోనెపట్టాతో ముళ్ళు రుద్ది, పిండి దాచుకున్న రసం. ఆ ఎరుపు కోడి రక్తకణాలను విషం నుంచి కాపాడుతుందని సోమవారం కాలేజీలో తన గైడు మేడం ముందు చూపాలి. చూపలేకపోతే ఏడాది పని పక్కనబెట్టి వేరే అంశం ఎత్తుకోవాలి.

నిస్సీ వచ్చి గిన్నెలోకి చూసి అక్కడే కూలబడింది. "ఆ రంగే మందు అవ్వా. కాగితే సస్తాది."

"నాకేం తెలుసు తల్లీ? సీసా మీద రాసిపెట్టొచ్చు గదా!"

"రాసినా."

రాసింది నిజమే. శాస్త్రీయ నామం, ఇంగ్లీషు అక్షరాల్లో.

అత్త పట్టకారు, బుట్ట పట్టుకొని కంచెకు పోయింది. పైపండ్లు నిస్సీ ముందే కోసేసింది. మిగిలినవి మేకలు కూడా మూతి పెట్టనంత లోపల ఉన్నాయి. పొద్దువాలి తిరిగొచ్చేసరికి బుట్ట అడుగున పండ్లు, అరచేతుల నిండా ముళ్ళు. కాచిన రసం నేను పారబోయబోతే నిస్సీ ఆపింది.

"ఉండనీమా, దాన్ని గూడా పెట్టి చూస్తా."

చర్చికి ద్రాక్ష తెచ్చి నేనే కాచాను. అత్త రుచి చూసి వంక పెట్టకపోవడం నా కాపురంలో అదే మొదటిసారి.

సోమవారం సాయంత్రం నేను సూదితో అత్త అరచేతుల్లో ముళ్ళు తీస్తుంటే నిస్సీ వచ్చి, ఫోనులో సూక్ష్మదర్శిని ఫోటోలు ముందుపెట్టింది.

"ఇది ఉత్త విషం పోసినది."

కణాలు కరిగిపోయి నడిమి చుక్కలు మాత్రం మిగిలాయి.

"ఇది నువ్వు కాచింది పోసినది."

ఇంచుమించు అదే గతి.

"ఇది పచ్చిది."

కోలగా, నిండుగా, ఒక్క నూక లేని కర్నూలు సోనా బియ్యంలా ఉన్నాయి కణాలు. "బియ్యం మాదిరి ఉండాయే!" అంది అత్త. విషం వచ్చి పడబోతే ఆ రంగు ముందు తాను ఎదురుపోయి విరిగిపోతుందట. ఎవరూ చెంబెడు నీళ్ళు పోయని కంచెమొక్క, దారిన పోయే కోడికి కాపలా కాసింది! నా చేతిలో సూది ఆగిపోయింది.

"రంగు పోతే కాపుదల గూడా పోతాదని అవ్వ కాచినదాంతోనే తెలిసిందంట. మేడం శానా మెచ్చుకున్నారు. ఇదే అంశం సాగించమన్నారు."

"కాచింది ఎవురని అడగలేదా?" అంది అత్త.

"అడిగినారు. చెప్పినా."

"ఇంటిపేరుతో చెప్పినావా?"

నేను లోతుగా దిగిన ముల్లు ఒకటి లాగాను. ఆమె కదల్లేదు. "ఆ బియ్యం ఫోటో ఇంగోసారి చూపియ్యి," అంది.