తిరిగే మిషను ముందు సుంకన్న

ఆ ఫోటోగ్రాఫరు చెయ్యి ఇంకొక్కసారి పైకి లేస్తే విరిచి ఆయన సంచిలోనే పెట్టి పంపించాలనుకున్నాడు సుంకన్న. పొద్దున్నించి అది మూడోసారి.

ముదిగుబ్బ రోడ్డు మీదున్న ఆ నూలు మిల్లులో సుంకన్నది ఇరవై రెండేళ్ల పని. నూలు వడికే మిషను పక్కన నిలబడి, తెగిన పోగునల్లా పట్టుకుని అతికించడం. నాలుగు వందల కదుళ్లు, వాటికి నాలుగు వందల పోగులు. ఆ రోజు 2002 మార్చిలో చివరి శనివారం, మిల్లుకు ఆఖరి షిఫ్టు. మిగిలిన దూది మధ్యాహ్నం దాకా కూడా రాదు. అది అయిపోతే మిల్లుకు తాళం.

మూయడం ఒక ఎత్తు, మూస్తూ మూస్తూ మిల్లు ఓనరు ఊరంతా చెప్పిన మాట ఒక ఎత్తు. కూలీలు మిషన్లు ఆపుకుని బీడీలు తాగుతూ కూర్చున్నారట, నష్టం అందుకే వచ్చిందట. బీడీ! దూది మధ్యలో బీడీ వెలిగించే మొనగాడే ఉంటే, వాడితోపాటు మిల్లూ ఎప్పుడో బూడిదయ్యేది. కానీ ఊరు నమ్మింది. టీకొట్టు దగ్గర ఒకడు సుంకన్న మొహం మీదే అన్నాడు. ఇంటికొస్తే, పదో తరగతి చదివే కూతురు రేఖ కూడా అది నిజమేనా నాయనా అని అడిగింది. ఊరివాడి మాటకు కోపం వచ్చింది. కూతురి మాటకు ప్రాణం చివుక్కుమంది.

అందుకే, మూతపడుతున్న మిల్లుల ఫోటోలు తీసి ఎగ్జిబిషన్ పెడతానంటూ హైదరాబాదు నుంచి చైతన్య అనే ఫోటోగ్రాఫరు వస్తే, సుంకన్న తనంతట తానే పోయి తన ఫోటో తీయమన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు, వెనకాల మిషను తిరుగుతూ ఉండాలని. చైతన్య అదెంత పని అన్నాడు.

అదెంత పనో అప్పటినుంచి తెలిసొస్తూనే ఉంది. మిషన్లు తిరిగే చోట పక్కవాడి మాట వినిపించదు. అందుకని మిల్లులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. వేలు తిప్పితే నడపమని, చెవి పట్టుకుంటే మేస్త్రీ వస్తున్నాడని, అరచెయ్యి ఎత్తితే మిషను ఆపమని. చైతన్య కెమెరా కంటికి ఆనించుకుని, అలాగే ఉండండి అంటూ అరచెయ్యి ఎత్తుతాడు. ఆ మాట ఎవరికీ వినపడదు, చెయ్యి మాత్రం అందరికీ కనపడుతుంది. మిషను చివర స్విచ్చు దగ్గరుండే లింగన్న ఠక్కున ఆపేస్తాడు. ఒకసారి ఆలస్యం చేసి పక్కవాడి వేలు పోగొట్టినప్పటి నుంచి లింగన్న అంతే, ఎత్తింది ఎవరి చెయ్యి అని చూడడు.

ఆగిన మిషను మళ్లీ తిరిగితే యాభై అరవై పోగులు తెగుతాయి. అవన్నీ అతికించి చెమట తుడుచుకునేలోపు మళ్లీ చెయ్యి లేస్తుంది, లింగన్న మళ్లీ ఆపుతాడు. పైగా ఆ నిశ్శబ్దంలో చైతన్య మెచ్చుకోలు. మొహంలో బాధ బాగా పలుకుతోంది, అదే ఉంచండి అని. అది బాధ కాదు నాయనా, నిన్ను చూస్తే వస్తున్న విసుగు అని చెప్పడానికి సుంకన్నకు మర్యాద అడ్డొచ్చింది.

మూడోసారికి ఆ మర్యాద కూడా అలిసిపోయింది. దూది చూస్తే ఇంకో పావుగంటకు మించి లేదు. సుంకన్న వెళ్లి చైతన్య ఎడమ చెయ్యి పట్టుకుని, తీసుకుపోయి ఆయన ప్యాంటు జేబులోనే దోపాడు.

"ఈ చెయ్యి ఈడే ఉండల్ల సార్. ఇది పైకి లేస్తే మా మిషను ఆగిపోతాది."

సంగతి అర్థమై చైతన్య సిగ్గుపడ్డాడు. బుద్ధిగా ఒంటిచేత్తో కెమెరా ఎత్తాడు. మిషను తిరిగింది. సుంకన్న కదుళ్ల వెంట అటూ ఇటూ పరుగెత్తి, ఏ ఒక్క పోగూ తెగి వేలాడకుండా చూసుకుని, అప్పుడు మిషను ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఫ్లాష్ మెరిసింది. కాసేపటికి దూది అయిపోయింది.

రెండు నెలలకు పోస్టులో ఫోటో వచ్చింది, గోడకు తగిలించుకునేంత పెద్దది. సుంకన్న రేఖను పిలిచి ఆ పిల్ల చేతిలోనే పెట్టాడు. రేఖ చాలాసేపు చూసి, బాగా పడినావు నాయనా అంది. తర్వాత మెల్లగా ఇంకో మాట అంది.

"మిషను నిలబడి ఉండాదే."

సుంకన్న లాక్కుని చూశాడు. కదుళ్ల మీద నూలు చుట్టుకునే కండెలన్నీ వేటికవి, ఒక్కటీ కదలకుండా బొమ్మల్లా నిలబడి ఉన్నాయి. ముందు తను, ఛాతీ విరుచుకుని, పనీపాటా లేనివాడిలా. టీకొట్టు దగ్గరివాడికి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. సుంకన్నకు ఒళ్లు మండిపోయింది.

నేరుగా ఎస్టీడీ బూత్‌కు పోయి చైతన్యకు ఫోన్ చేశాడు. ఎగ్జిబిషన్‌లో అందరూ ఆ ఫోటో దగ్గరే ఆగుతున్నారని చైతన్య సంతోషంగా చెప్పబోయాడు. తిరిగేదాన్ని ఎందుకు నిలబెట్టినావని సుంకన్న నిలదీశాడు. ఫ్లాష్ వెలుగులో ఎంత వేగంగా తిరిగేదైనా ఆగినట్టే పడుతుందని చైతన్య ఓపిగ్గా వివరించాడు. అసలు ఫోటో అంటేనే ఆపడం కదా సుంకన్న గారూ అని నవ్వాడు కూడా.

"ఆపేదానికి నువ్వెందుకప్పా హైదరాబాదు నుంచి?" అన్నాడు సుంకన్న. "ఆ పని మా ఓనరు చేసినాడు గదా. నడిపినోళ్లం మేము. అది సూపిస్తావనే నీ ముందర నిలబడితి."